ఫోన్‌కు అప్‌డేట్ గింత లేటుగ ఎందుకొస్తది? ఎక్కడ ఆగుతున్నది?

కాజీపేట_కిరణ్
ఆండ్రాయిడ్ 16ను గూగుల్ 2025 జూన్ 10న విడుదల చేసింది. గూగుల్ సొంత ఫోన్లు పిక్సెల్ ఉన్నోళ్లకు ఆ రోజు నుంచే రావట్టింది. నెలలు గడిచినా నా ఫోన్ ఇంక 15 మీదనే ఉన్నది. సిస్టమ్ అప్‌డేట్‌ల నొక్కినప్పుడల్లా "మీ సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంది" అని పచ్చ టిక్కు చూపెడ్తది. కిందికి జరిపి సెక్యూరిటీ ప్యాచ్ (భద్రత లోపాలు పూడ్చే చిన్న అప్‌డేట్) తారీఖు చూస్తే నాలుగు నెలల కిందిది. గది తాజా ఎట్లయితది? మా ఆఫీసుల పక్క సీటాయనది గిదే కంపెనీ, మోడల్ పేరుల ఒక్క అక్షరం తేడా, ఆయనకు వచ్చి కూసున్నది. కస్టమర్ కేర్‌కు ఫోన్ కొడ్తే "దశలవారీగా వస్తుంది సార్" అంటరు తప్ప ఎప్పుడో చెప్పరు. అసలు సంగతి ఎవరికన్న ఎరుకుంటే చెప్పున్రి.

పత్తి_మార్కెట్
గండ్ల తెల్వందేమున్నది తమ్మీ. పాతదానికి ఆపితే నీకు ఇసుగొచ్చి కొత్తది కొంటవ్. అమ్ముకునే ప్లాను.

సుబేదారి_శ్రీను
ఐఫోన్ తీస్కోరాదు, సెప్టెంబర్‌ల అందరికి ఒక్కసారే వస్తది. లొల్లే లేదు.

కాజీపేట_కిరణ్
శ్రీను అన్నా, ఆ పైసలుంటే ఈ ప్రశ్నే అడుగకపోదు.

రుద్రమ_హన్మకొండ
పత్తి అన్నా, అమ్మకం సంగతి లేనే లేదని నేననను, దానికి మళ్ల వస్త. ముందుగాల పని ఎట్ల నడుస్తదో చెప్త. హైదరాబాద్‌ల ఫోన్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌ల పనిచేసిన, ఇదంత నా కండ్ల ముందట జరిగింది.

గూగుల్ ఇచ్చేది ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్. అది ఉన్నదున్నట్టు తెచ్చి నీ ఫోన్ల పెడ్తే నడవదు. నీ ఫోన్ల చిప్ క్వాల్‌కామ్‌దో మీడియాటెక్‌దో ఉంటది. మోడెమ్, కెమెరా, గ్రాఫిక్స్ నడిపే డ్రైవర్లు వాళ్ల చేతుల ఉంటయి. కొత్త ఆండ్రాయిడ్‌కు సరిపోయేటట్టు వాళ్లు ఆ డ్రైవర్లన్ని సవరించి ఫోన్ కంపెనీకి పంపాలె. బీఎస్‌పీ అంటరు దాన్ని. అది చేతికొచ్చినంక వన్ యూఐ, కలర్ ఓఎస్, హైపర్ ఓఎస్ అని ఎవరి హంగులు వాళ్లయి ఉంటయి గద, అవన్ని దాని మీద మళ్ల కూర్చాలె. పెద్ద కంపెనీలకు గూగుల్ కోడ్ ముందే అందుతది, అందుకే కొందరు తొందరగ ఇయ్యగల్గుతరు.

అటెన్క మా టెస్టింగోళ్ల వంతు. గూగుల్ పెట్టిన పరీక్షలుంటయి, సీటీఎస్ అని. అవి పాస్ కాకుంటే ప్లే స్టోర్ పెట్టుకోనియ్యరు. అవి మిషన్ల మీద రాత్రంత నడుస్తనే ఉంటయి. అసలు యాతన బయట టెస్టింగ్‌ల ఉన్నది. జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లు రెండు స్లాట్లల మార్చుకుంట, కార్ల కూసోని కాల్ కలిపి, ఘట్‌కేసర్ దాటి భువనగిరి, ఆలేరు, జనగామ దాకా వస్తం. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారేటప్పుడు కాల్ కట్ అవుతుందా, ఒకలి మాట ఇంకొకలికి ఇనబడుతుందా, 5జీ నుంచి 4జీకి దిగినప్పుడు మాట తెగుతుందా అని రాస్కుంట పోవాలె. ఆలేరు దగ్గర ఒక్క సిమ్‌తోని ఒక్కసారి కాల్ తెగిందనుకో, లాగ్ (ఫోన్ల ఏం జరిగిందో నమోదైన చిట్టా) తీసి చిప్ కంపెనీకి పంపుతం. వాళ్లు చూసి, సరిచేసి, మళ్ల పంపేదాక ఈ మోడల్ గక్కడ్నే ఆగుతది.

గసొంటి మోడళ్లు ఒక్కో కంపెనీకి ఎన్నున్నయో లెక్క చూస్కోన్రి. ముందు వంతు ఖరీదు ఫోన్లకు, ఆఖరి వంతు చౌక ఫోన్లకు.

కాజీపేట_కిరణ్
అక్కా, మస్తు వివరంగ చెప్పినవ్. మరి పక్క సీటాయనకు ఎట్లొచ్చింది? ఒక్క అక్షరమే గద తేడా.

చౌరస్తా_రిపేర్
అక్షరం ఒక్కటే గని లోపట బోర్డే వేరే ఉంటది తమ్మీ. నేను రోజు ఇప్పి చూస్త గద. డబ్బా మీద పేరు ఒక్క తీర్గనే ఉంటది, లోపట ఒకదాంట్ల మీడియాటెక్, ఇంకోదాంట్ల క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్. 4జీ వేరే, 5జీ వేరే. గందుకే పేరు కాదు, సెట్టింగ్స్‌ల "అబౌట్ ఫోన్"ల మోడల్ నంబర్ చూడున్రి.

ఇంకో మాట. లేటుగ వచ్చుడే మంచిదంట నేను. అప్‌డేట్ చేసినంక లోగో కాడ ఆగిన ఫోన్లు నా బల్ల మీదికి వస్తనే ఉంటయి. ఎక్కువ శాతం స్టోరేజ్ నిండినయే. మొన్న ఒక పెద్దాయన తెచ్చిండు, లోగో వస్తది, పోతది, మళ్ల వస్తది. మనవరాలి బారసాల ఫొటోలన్ని దాంట్లనే ఉన్నయట, బ్యాకప్ లేదు. రీసెట్ కొడ్తే ఫోన్ లేస్తది గని ఫొటోలు పోతయి. ఆయన ముఖం చూడలేకపోయిన. తొందరపడి చేస్కునుడు ఎందుకు?

గోదావరిఖని_పవన్
పెద్దాయన ఫొటోలు వచ్చినయా అన్నా?

చౌరస్తా_రిపేర్
కొడుకు ఫోన్ల వాట్సాప్‌కు పంపినయి కొన్ని దొరికినయి. మిగిలినయి పోయినయి.

భీమారం_సార్
చౌరస్తా గారు, మీరు చెప్పింది వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్ సంగతి. సెక్యూరిటీ ప్యాచ్ సంగతి వేరు, రెండింటినీ కలపవద్దు. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. డబ్బులు పోయాయని ఏడ్చుకుంటూ కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. కొత్త ఐకాన్లు, కొత్త రంగులు ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు. ప్యాచ్ ఆలస్యమైతే నష్టం ఉంది. 2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక వీడియో మెసేజ్ పంపి ఫోన్‌లోకి చొరబడే వీలు ఉండేది, కొన్నిసార్లు అవతలివాళ్లు దాన్ని తెరవనక్కర కూడా లేదు. ఆ దెబ్బతోనే గూగుల్ ఆ ఆగస్టు నుంచి నెలనెలా సెక్యూరిటీ బులెటిన్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ లోపం ఎక్కడుందో ఆ బులెటిన్‌లోనే రాసి ఉంటుంది. అంటే దొంగ కూడా చదువుతాడు. బులెటిన్ వచ్చిన రోజు నుంచి మన ఫోన్‌కు ప్యాచ్ అందేదాకా మధ్యలో ఉన్న రోజులన్నీ వాడివే. కిరణ్ బాధపడాల్సింది 16 రాలేదని కాదు, ప్యాచ్ నాలుగు నెలల కిందిదైనందుకు.

కాజీపేట_కిరణ్
సార్, గీ సంగతి కస్టమర్ కేర్‌ల ఒక్కలు చెప్పలే.

ఎన్ఐటీ_ఈసీఈ
రుద్రమ అక్కా, "ఉన్నదున్నట్టు పెడ్తే నడవదు" అన్నవు గని, 2017ల ఆండ్రాయిడ్ 8తోని ప్రాజెక్ట్ ట్రెబుల్ వచ్చింది గద. చిప్ డ్రైవర్లు స్టోరేజ్‌ల ఒక పార్టిషన్‌ల (విడి అరల), ఆండ్రాయిడ్ ఇంకో పార్టిషన్‌ల పెట్టి మధ్యల ఒక స్థిరమైన హద్దు గీసిండ్రు. కింది భాగం ముట్టకుండనే పైన ఆండ్రాయిడ్ మార్చొచ్చు. మా హాస్టల్ల పాత ఫోన్ మీద జీఎస్ఐ (ఏ ఫోన్‌కైనా పనికొచ్చేటట్టు గూగుల్ చేసిన ఉత్త ఆండ్రాయిడ్) ఏసి చూసినం, బూట్ అయింది.

2019ల ఆండ్రాయిడ్ 10తోని మెయిన్‌లైన్ వచ్చింది. మీడియా, నెట్‌వర్క్ అసొంటి కొన్ని భాగాలు కంపెనీతోని పని లేకుండ గూగుల్ ప్లే నుంచే మారుతయి. ఆండ్రాయిడ్ 12 నుంచి కొత్తగ వచ్చే ఫోన్లకు కర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే అడుగు సాఫ్ట్‌వేర్) గూడ ఉమ్మడిదే పెట్టిండ్రు. గిన్ని చేసినంక గూడ లేట్ అయితున్నదంటే చిప్ కంపెనీ మీద నెట్టుడు సరికాదు, ఫోన్ కంపెనీదే అలసత్వం.

రుద్రమ_హన్మకొండ
బూట్ అయితది తమ్మీ. గని ఫింగర్‌ప్రింట్ పనిచేసిందా? కెమెరాల నైట్ మోడ్ వచ్చిందా? వోల్టీ కాల్ (4జీ మీద నడిచే కాల్) పోయిందా? జనం ఫోన్ కొనేది వాటికోసమే. ట్రెబుల్ వల్ల పని తగ్గిన మాట నిజం, ఇంతకుముందు ఏడాది పట్టేది ఇప్పుడు నెలలల్ల అయితున్నది. కని కంపెనీలు హంగులు తగ్గించుకున్నయా? లేదు, ఇంక పెంచినయి. మిగిలిన సమయం అక్కడ పోతున్నది. గా ముచ్చట్ల నీతోని నాకు పేచీ లేదు.

ఎన్ఐటీ_ఈసీఈ
ఫింగర్‌ప్రింట్ పనిచెయ్యలే 🙂 కెమెరా తెరిస్తే మూసుకున్నది.

జగిత్యాల_శేఖర్
మా బావ దుబాయ్ నుంచి ఫోన్ తెచ్చిచ్చిండు. గిదే మోడల్ ఇక్కడ కొన్నోళ్లకు అప్‌డేట్ ఒచ్చింది, నాకు రాలే. షాపుల అడిగితే డూప్లికేట్ అన్నరు. డూప్లికేటా ఇది?

చౌరస్తా_రిపేర్
డూప్లికేట్ కాదు శేఖరన్నా, భయపడకు. దేశానికో సాఫ్ట్‌వేర్ ఉంటది. మీది గల్ఫ్‌కు చేసిన ఫోన్, అక్కడి వరుసల వస్తది. సామ్‌సంగ్‌ల అయితే దాన్ని సీఎస్‌సీ కోడ్ అంటరు, వేరే కంపెనీలల్ల ఇండియా రోమ్, గ్లోబల్ రోమ్ అని ఉంటయి (రోమ్ అంటే ఫోన్ల ఎక్కించిన సాఫ్ట్‌వేరే). కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి నాకు గీ కేసులే ఎక్కువ వస్తయి. ఇండియా సాఫ్ట్‌వేర్ ఎక్కిస్త అని ఎవడన్న అంటే మాత్రం ఇయ్యకున్రి, తేడా కొడ్తే ఐఎంఈఐ (నెట్‌వర్క్ ఫోన్‌ను గుర్తువట్టే నంబర్) పోయి సిగ్నలే రాదు.

పత్తి_మార్కెట్
బావను మళ్లొచ్చేటప్పుడు అప్‌డేట్ గూడ సంచిల పెట్టుకొని రమ్మను శేఖరూ.

జగిత్యాల_శేఖర్
😂 సామాన్ ముప్పై కిలోలు దాటితే పైసలడుగుతరు అన్నా.

సుబేదారి_శ్రీను
నేను చెప్పింది ఎవ్వలు పట్టించుకోలే. ఐఫోన్‌ల చిప్ డిజైన్ ఆపిల్‌దే, సాఫ్ట్‌వేర్ ఆపిల్‌దే. మోడళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మధ్యల ఎవ్వని కోసం ఆగే పని లేదు. లేట్ ఎందుకైతదో దీంతోనే తెలుస్తలేదా?

ఎన్ఐటీ_ఈసీఈ
శ్రీను అన్నా, 2022 అక్టోబర్ 1న మన దేశంల 5జీ మొదలైంది. ఫోన్ల 5జీ హార్డ్‌వేర్ ఉన్నా సాఫ్ట్‌వేర్‌తోని తెరిస్తేనే పనిచేస్తది. ఐఫోన్లకు అది డిసెంబర్‌ల ఐఓఎస్ 16.2తోని వచ్చింది. గప్పటికే శానా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల 5జీ నడుస్తున్నది. నెట్‌వర్క్‌తోని ముడివడ్డ పని ఎవ్వలకైనా ఆగి చూస్కొని చెయ్యాల్సిందే.

సుబేదారి_శ్రీను
గది ఒక్కటే. మిగిలినయన్ని టైముకే ఇస్తరు.

ములుగు_టీచరమ్మ
మీరందరు కొన్న ఫోన్ల గురించి మాట్లాడుతున్నరు. మాకు పనికోసం ఇచ్చిన ఫోన్ ఉన్నది, మేము మార్చుకోలేము. దాంట్ల ఒక యాప్‌ల పిల్లల బరువు, ఎత్తు రోజు ఎక్కియ్యాలె. యాప్ కొత్త వెర్షన్ వచ్చింది, "మీ పరికరానికి సరిపోదు" అంటున్నది. ఫోన్‌కు అప్‌డేట్ రాదు. ఇద్దరి నడుమ మేము నలుగుతున్నం. పిల్లల్ని తూకం ఏసి, నోట్‌బుక్కుల రాసుకొని, రాత్రి ఇంటికి పోయి మా ఆయన ఫోన్ల ఎక్కిస్తున్న. మావోళ్ల ఊర్లె సిగ్నల్ గూడ గుట్ట ఎక్కితెనే. ఎవరి తప్పని ఎవర్ని అడగాలె? ఫోన్ పాతదంటరు, యాప్ కొత్తదంటరు. ఫోన్ కొనేటప్పుడే ఇది ఎన్నేండ్లు నడుస్తదని ఎవ్వలన్న చూసిండ్రా?

పత్తి_మార్కెట్
అమ్మా, నువ్వు చెప్పిందే నేను మొదటి సంది అంటున్న. అమ్మినంక ఎవ్వనికి పట్టదు. నేను ఊకెనే అంటలేను, ఇటలీల 2018ల ఆపిల్‌కు 10 మిలియన్ యూరోలు, సామ్‌సంగ్‌కు 5 మిలియన్ యూరోలు జరిమానా ఏసిండ్రు. అప్‌డేట్ల తోని పాత ఫోన్లు మెల్లగ అయినయని. బ్యాటరీ పాతదైతే ఫోన్ వేగం తగ్గిస్తున్నమని ఆపిల్ 2017 డిసెంబర్‌ల సొంతంగనే ఒప్పుకున్నది. దానికి ఫ్రాన్స్‌ల 2020ల 25 మిలియన్ యూరోలు కట్టింది. ఇవన్ని పేపర్లల్ల వచ్చినయే.

రుద్రమ_హన్మకొండ
అన్నా, మళ్ల వస్తనన్న గద, ఇప్పుడు చెప్త. ఫోన్ అమ్మిన రోజే కంపెనీకి పైసలు వచ్చినయి. అటెన్క ఆ మోడల్ కోసం టెస్టింగోళ్లను, కార్లను, ల్యాబును నడిపేది అంత ఖర్చే. చిప్ కంపెనీది గూడ గదే లెక్క, పాత చిప్‌కు డ్రైవర్లు సవరించి ఇయ్యాలంటే వాళ్లకు వచ్చేదేంది? కావాలని ఆపిండ్రని నేను చూడలే. కని టైము తక్కువున్నప్పుడు ఏ మోడల్‌ను వెనకకు నెట్టాలె అని మీటింగుల అనుకుంటరు గద, అక్కడ ప్రతిసారి ఎనిమిది వేల ఫోనే వెనక్కి పోయేది. అది చూసి నాకు కోపం వచ్చేది. టీచరమ్మ చేతుల ఉండేది గదే ఫోన్ గద.

చిప్ కంపెనీ చెయ్యెత్తేస్తే ఏమైతదో ఫెయిర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ చేసిన ఫెయిర్‌ఫోన్ 2 చూస్తే తెలుస్తది. దాంట్ల స్నాప్‌డ్రాగన్ 801 ఉంటది. ఆ చిప్‌కు ఆండ్రాయిడ్ 7 మద్దతు క్వాల్‌కామ్ ఇయ్యలే. ఆ చిన్న కంపెనీ సొంతంగ కూసోని చేసి ఇచ్చింది. అంటే చెయ్యాలనుకుంటే అయితది, కని మస్తు కష్టం, మస్తు లేటు.

గోదావరిఖని_పవన్
అందుకే నేను లీనియేజ్ ఓఎస్ ఏస్కున్న, బయటోళ్లు కలిసి ఉచితంగ చేసే ఆండ్రాయిడ్ అది. కంపెనీ ఒదిలేసిన ఫోన్‌కు ప్యాచ్‌లు వస్తున్నయి. ఫోన్ మంచిగ నడుస్తున్నది. టీచరమ్మా, మీ ఫోన్‌కు గూడ ఉన్నదేమో చూడొచ్చు.

భీమారం_సార్
పవన్, ప్రభుత్వ పనికి ఇచ్చిన ఫోన్‌లో అట్లాంటివి వేయమని చెప్పకు బాబు. ఆమె ఉద్యోగానికి ముప్పు.

చౌరస్తా_రిపేర్
గది ఎయ్యాలంటే బూట్‌లోడర్ (ఫోన్ లేవంగనే ముందుగాల నడిచే సాఫ్ట్‌వేర్) తాళం తియ్యాలె, గట్ల అన్‌లాక్ చేస్తే మొత్తం డేటా పోతది, బ్యాంకు యాప్‌లు శానా మొరాయిస్తయి. తెలిసిన పిల్లగాళ్లకు పర్వాలేదు, అందరికి చెప్పేది కాదు.

గోదావరిఖని_పవన్
సరే సార్. ఫోన్‌పే కోసం నేను గూడ ఇంకో ఫోన్ పెట్టుకున్న, అది నిజమే.

నిర్వాహకుడు
కంపెనీ పేరు పెట్టి తిట్టిన రెండు పోస్టులు తీసేసిన. తెలిసిన సంగతులు రాయున్రి.

కేయూ_లా
పత్తి అన్న జరిమానాల గురించి రాసిండు గనుక చెప్తున్న. జరిమానా కంటే గట్టిది ఇంకోటి ఉన్నది. యూరప్‌ల 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన అమలైంది. ఆ మోడల్ అమ్మకం ఆపేసినంక గూడ కనీసం అయిదేండ్లు అప్‌డేట్లు ఇయ్యాలె. ఇంకా ముఖ్యమైంది ఏందంటే, సోర్స్ కోడ్ బయటికొచ్చినంక సెక్యూరిటీ అప్‌డేట్ నాలుగు నెలల లోపు, వెర్షన్ అప్‌డేట్ ఆరు నెలల లోపు అందాలె అని గడువు రాసిండ్రు. కిరణ్ అడిగిన ప్రశ్నకు అక్కడ చట్టంలనే జవాబు ఉన్నది. మన దగ్గర ఫోన్ అమ్మాలంటే బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఎట్లనో తప్పదు. ఆ డబ్బా మీద ఎమ్మార్పీ పక్కన "ఫలానా నెల, ఫలానా సంవత్సరం దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు" అని ఒక్క వరుస అచ్చు వెయ్యమంటే ఏం పోతది? మందు సీసా మీద గడువు తేదీ ఉండాలన్నట్టే.

పత్తి_మార్కెట్
గిది మాట. దీనికి ఎవ్వలన్న అర్జీ రాస్తే నేను మార్కెట్ల సంతకాలు పట్టిస్త.

ములుగు_టీచరమ్మ
నాదొకటి రాసుకోన్రి.

ఎన్ఐటీ_ఈసీఈ
లా అన్నా, చట్టం రాకముందే కొంత మారింది గూడ. 2020 డిసెంబర్‌ల గూగుల్, క్వాల్‌కామ్ కలిసి కొత్త చిప్‌లకు మూడు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేండ్ల ప్యాచ్‌లకు మద్దతిస్తమన్నయి. 2023ల పిక్సెల్ 8కు, 2024 జనవరిల గెలాక్సీ ఎస్24కు ఏడేండ్లు ఇస్తమని చెప్పిండ్రు.

చౌరస్తా_రిపేర్
అవన్ని యాభై వేలు, డెబ్బై వేల ఫోన్లు గద తమ్మీ. నా బల్ల మీదికి వచ్చేటియి పది వేలయి. చౌక ఫోన్లకు గూడ గూగుల్ ఒకపాలి చేసి చూసింది, 2014 సెప్టెంబర్‌ల ఆండ్రాయిడ్ వన్ అని మన దేశంలనే మొదలువెట్టింది. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ మూడు కంపెనీలు, ధర 6,399 నుంచి. పైహంగులు లేవు, అప్‌డేట్ గూగుల్ చూస్కుంటది. అప్పుడు మస్తు సంబురపడ్డం. కని అదే ధరకు పక్క కంపెనీ పెద్ద కెమెరా ఇస్తే జనం అటే పోయిండ్రు. డబ్బా మీద కెమెరా ఎన్ని మెగాపిక్సెలో ఉంటది, అప్‌డేట్ ఎన్నేండ్లో ఉండదు. లా తమ్ముడు అన్నది అందుకే నాకు నచ్చింది.

కాజీపేట_కిరణ్
సరే, ఇప్పుడు నేను చెయ్యగలిగేది ఏమన్న ఉన్నదా?

రుద్రమ_హన్మకొండ
సెట్టింగ్స్‌ల సెక్యూరిటీ లోపట "గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్" అని వేరే ఉంటది. ఎన్ఐటీ తమ్ముడు చెప్పిన మెయిన్‌లైన్ అదే. కంపెనీ అప్‌డేట్ కోసం ఆగకుండ అది ఇప్పుడే చేస్కో. క్రోమ్, వెబ్‌వ్యూ (యాప్‌ల లోపట వెబ్ పేజీలు చూపెట్టే భాగం) ప్లే స్టోర్‌ల కొత్తయి ఉన్నయా చూడు. తెలియని ఏపీకే ఫైళ్లు (యాప్‌ను ఎక్కించే ఫైళ్లు) వాట్సాప్‌ల వస్తే ముట్టకు, పెండ్లి పత్రిక అని పంపుతరు.

దశలవారీ అని వాళ్లన్నది మాత్రం అబద్ధం కాదు. ముందు నూటికి ఒకలికో ఇద్దరికో పంపి, క్రాష్ రిపోర్టులు చూసి, బాగుంటేనే పెంచుతరు. 2020 ఆఖర్ల షావోమీ మి ఏ3 ఫోన్‌కు ఆండ్రాయిడ్ 11 పంపితే ఫోన్లు చచ్చిపోయినయి, వెంటనే ఆపాల్సొచ్చింది. గందుకే ఒక్కసారే అందరికి ఇడువరు.

భీమారం_సార్
కిరణ్, అప్‌డేట్ వచ్చినప్పుడు చౌరస్తా గారు చెప్పినట్టు ముందు ఫొటోలు బ్యాకప్, స్టోరేజ్ ఖాళీ, ఛార్జింగ్ సగానికి పైన.

జగిత్యాల_శేఖర్
మధ్యల ఒస్తున్న, ఏమనుకోకున్రి. మా చెల్లెకు ఫోన్ కొనాలె, పదిహేను వేల లోపు. షాపుల రెండు చూపెట్టిండ్రు. ఒకటి కొత్త మోడల్, ఒకటి పోయినేడు మోడల్, రెండు వేలు తక్కువ. రెండిటికి నాలుగేండ్ల అప్‌డేట్ అంటున్నడు. పాతదే తీస్కుందునా?

రుద్రమ_హన్మకొండ
శేఖరన్నా, ఆ నాలుగేండ్లు ఎప్పటి సంది లెక్క అని అడగున్రి. ఎక్కువ కంపెనీలు మోడల్ మార్కెట్లకు వచ్చిన తారీఖు నుంచి లెక్కిస్తయి, మీ బిల్లు తారీఖు నుంచి కాదు. పోయినేడు మోడల్‌కు ఏడాది అప్పుడే అయిపోయింది. రెండు వేలు తగ్గింది దానికే అనుకోన్రి. ఇంకోటి, నాలుగేండ్లంటే వెర్షన్లా, ప్యాచ్‌లా అని గూడ విడిగ అడగాలె. రెండు వెర్షన్లు, నాలుగేండ్ల ప్యాచ్‌లు ఇచ్చేటివి గూడ ఉన్నయి.

జగిత్యాల_శేఖర్
షాపాయనకు గివన్ని తెల్వదక్కా, అడిగితే నవ్వుతడు.

చౌరస్తా_రిపేర్
రెండు డబ్బాల ఎనుకవైపు ఫొటో తీసి ఇక్కడ పెట్టున్రి. మోడల్ నంబర్ కనబడితే ఏ చిప్పో, కంపెనీ సైట్ల ఏం రాసిండ్రో చూసి పొద్దుగూకేసరికి చెప్త.